అక్బర్ వంతు

“ఎమ్మిగనూరులో బస్సెక్కినా అక్బరన్నా. కిటికీ పక్కనే సీటు దొరికింది. ఇంట్లోనే ఉండావు కదా.”

నజ్మా ఆ మాటలు మళ్లీ చదువుకుంది. ఫోను అక్బర్‌ది. అక్బర్ ఇంట్లో లేడు. ఊళ్లోనే ఉన్నాడు గానీ, ఊరి చివర కబరస్తాన్‌లో, మొన్నటి వానకు కాస్త కుంగిన మట్టి కింద ఉన్నాడు. ఆ సంగతి ఆదోని పత్తి మార్కెట్లో హమాలీల దగ్గర్నుంచి అంగళ్ల సేట్ల దాకా అందరికీ తెలుసు. ఎమ్మిగనూరులో నజ్మా పుట్టింటి మగ్గాల వీధికీ తెలుసు. ఆఖరికి పాలు పోసే రామమ్మ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చిపోయింది. తెలియనిదల్లా ఈ ఫోనులో అతనితో ఆటలాడేవాళ్లకే, ఇప్పుడు బస్సులో కూర్చుని వస్తున్న జయతీర్థ వాళ్లలో ఒకడు. అతనికి అక్బర్ నిన్న కూడా జవాబిచ్చాడు. నిన్ననే ఒక పజిల్ విప్పాడు, పడిపోతున్న షేరొకటి కొన్నాడు, ఒక పాత జోకు వేశాడు, ఇంటికి రమ్మని పిలిచాడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు ఎంత మెల్లగా నడిచినా గంట. ఆ గంట మొదలైపోయింది, దాన్ని ఆపే ఉపాయం నజ్మాకు తోచడం లేదు.

లోపలి గదిలో, తలుపుకు వేలాడే పచ్చ పరదా వెనక, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుందామె. ఇద్దత్‌లో ఉన్న మనిషి. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు ఇల్లు దాటదు, పరాయి మగవాడి ఎదుట పడదు. ఎవరూ బలవంతం చేసింది లేదు. నిజం చెప్పాలంటే ఎవరికీ మొహం చూపించే పని లేనందుకు ఆమెకు హాయిగానే ఉండింది. కానీ ఇప్పుడు గుమ్మం దగ్గరికి ఒక పరాయి మనిషి వచ్చి, అక్బర్ ఉన్నాడా, నన్ను రమ్మని పిలిచాడే అంటే? అత్త వహీదా బీ ఏమంటుంది? వాడు పోయి ఎన్నాళ్లయిందప్పా అంటుంది. అతను ఫోను తీసి చూపిస్తాడు. అప్పుడు ఇద్దరూ కలిసి ఈ పరదా వైపు చూస్తారు. ఇద్దత్‌లో కూర్చున్న కోడలు చనిపోయిన మొగుడి పేరు పెట్టుకుని ముక్కూ మొహం తెలియని మనుషులతో ఆటలాడుతోందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. లోకం నోటికి మూకుడు ఎక్కడ దొరుకుతుంది? ఐదు పూటలా నమాజుకు పోయే మామ ఇమాం సాబ్ మసీదు మెట్ల మీద తలెత్తలేడు. ఇది పైకి కనిపించే భయం. దీని అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఈ ఫోను లోపల అక్బర్ ఇంకా నవ్వుతున్నాడు, ఓడుతున్నాడు, ఓడి అలుగుతున్నాడు. జయతీర్థ గుమ్మంలో అడుగు పెడితే ఆ అక్బర్ కూడా పోతాడు. ఒకసారి సాగనంపిన మనిషిని మళ్లీ సాగనంపే శక్తి ఆమెకు లేదు.

రావద్దని రాయచ్చు. రాస్తే ఎందుకంటాడు. జ్వరమంటే పండ్లు కొనుక్కుని మరీ వస్తాడు, ఊళ్లో లేనంటే నిన్న ఉంటానంటివి కదా అంటాడు, చుట్టాలొచ్చారంటే చూసి పోతాలే అంటాడు. ఏ గడిలో ఏ అబద్ధం పెట్టినా పక్క గడి కొట్టేస్తోంది. పజిల్లో అయితే ఇలా కాదు. వరసగా ఐదు ఇళ్లు ఉంటాయి, ఐదు రంగులు ఉంటాయి, పచ్చింట్లో ఉండేవాడు చాయ్ తాగడు, చాయ్ తాగేవాడి పక్కింట్లో మేక ఉంటుంది, అలా ఒక్కొక్క ఆధారమే పట్టుకుని పోతే మేక ఎవరిదో తేలుతుంది. తేలినప్పుడు మనసు చల్లబడుతుంది. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో అబ్బాజాన్ మగ్గం కింద దూరి తెగిన పోగు వెతికేటప్పుడు కూడా ఇదే చల్లదనం. పడుగులో వందల పోగులు, అందులో ఒకటి తెగింది, ఏది? పెద్దవాళ్లు వేళ్లతో తడుముతూ పోతారు. నజ్మా తడమదు, కాసేపు ఊరికే చూస్తుంది, ఇదిగో అంటుంది. దీనికి పోగులు మాట చెబుతాయే అనేవాడు అబ్బాజాన్. ఆ బుద్ధి పదో తరగతి దాటి ఎక్కడికీ పోలేదు, పెళ్లయి ఆదోని వచ్చి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన కూర్చుంది. అక్బర్ దాన్ని ఎలా కనిపెట్టాడో ఏమో, ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఫోను ఇటు తిప్పాడు. ఇది నన్ను సావగొడుతోంది, నువ్వు చూడు అన్నాడు. చూసింది. చెప్పింది. ఆ రోజు అతను అన్నం చల్లారిపోయేదాకా ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు.

అప్పటినుంచీ ఫోను ఆటల గుంపులో అందరూ మెచ్చుకునే అక్బర్ నిజానికి ఇద్దరు. గుంపు అంటే ఎంతో లేదు, మంత్రాలయంలో లాడ్జీ లెక్కలు చూసే జయతీర్థ, బళ్లారిలో ఉమేష్, ఎక్కడుంటుందో ఎప్పుడూ చెప్పని వీణ. వాళ్లలో ఒకరినొకరు కళ్లతో చూసినవాళ్లు లేరు. పొద్దున ఒక పజిల్, ఆపైన ఉత్తుత్తి షేర్ల ఆట. పజిళ్లు నజ్మావి, బేరాలు అక్బర్‌వి. ఆ ఆటలో డబ్బు ఆటడబ్బే, ధరలు మాత్రం నిజం బజారువి. పైసా పోదు, పైసా రాదు. నిజం షేర్లు ఆడతానంటే ఇమాం సాబ్ జూదమని ఇంట్లోకి రానివ్వడు, కాబట్టి అక్బర్ ఇలా ఉత్తుత్తిగా ఆశ తీర్చుకున్నాడు. కమీషన్ అంగట్లో గుమాస్తా, పొద్దున్నుంచి పత్తి వేలంపాటలు వినే చెవులు, బేరం అంటే ఆగలేడు. కానీ బేరం చేయడం చేతకాదు. పడిపోయే షేరు కనబడితే చాలు, అయ్యో పాపం అని కొంటాడు. షేరు మీద పాపమేమిటి, అది నీ మేనత్త కూతురా అని నజ్మా పోట్లాడేది. అందరూ వదిలేస్తే దానికెవరు దిక్కు అని నవ్వేవాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మంట కోసం ఏమైనా ఇచ్చేస్తుంది.

ఫోను మోగింది. “కోటేకల్ దాటినాం అన్నా. ఈ డ్రైవరు ఎద్దులబండి తోలేవాడనుకుంటా.” బయట వసారాలో మంచం కిర్రుమంది. వహీదా బీ లేచిందా, ఇటు తిరిగిందా? పరదా అవతల ఆమె ఎప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం నమాజు కాగానే మంచం ఈ గోడకు ఆనించుకుని కూర్చుంటుంది, జపమాల పూసలు ఒక్కొక్కటే జారుతుంటాయి. అదివరకు వీధి గుమ్మం దగ్గర కూర్చునేది, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడడానికి. ఎప్పుడు జరిగిందో మంచం ఇటు జరిగింది. ఒకరోజు నజ్మా భయపడి ఫోను చప్పుళ్లన్నీ ఆపేసింది. సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు వహీదా బీ ముద్ద ఎత్తకుండా కంచంలోకి చూస్తూ, ఫోను చెడిపోయిందా అని అడిగింది. లేదమ్మీ అంది నజ్మా. మర్నాడు చప్పుడు మళ్లీ పెట్టింది, ఎందుకు పెట్టిందో తనకే తెలియదు.

వేసవి మొదట్లో, మార్కెట్ యార్డులో, వేలంపాట ఇంకా నడుస్తుండగానే అక్బర్ పత్తి కుప్పకు ఆనుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. మనిషి పక్కనే నిలబడి పాటగాడు ధర పెంచుతూ పోయాడు, కొనేవాళ్లు కొన్నారు, ఆ కుప్ప అమ్ముడై, సంచుల్లోకి ఎత్తడానికి హమాలీ వచ్చి, అన్నా కాస్త జరుగు అని భుజం మీద చెయ్యి వేస్తే గానీ తెలియలేదు. అంతసేపు అతను చచ్చిపోయి కూర్చుని వేలం విన్నాడు. ఈ ఊహ నజ్మాను వదలదు. ఫోనును ఎవరో సంచిలో పెట్టి పంపారు. ఫోను కవరు అంచుల్లో పత్తి నూగు. మూడో రోజు సమాధి దగ్గర చదివే జియారత్ అయి, చుట్టాలు విస్తళ్లు ఎత్తి ఎక్కడివాళ్లక్కడ పోయాక, మధ్యాహ్నం ఎండలో ఇల్లు మూగపోయినప్పుడు అది గూట్లో ఉండి మోగింది. “నీ వంతు అక్బరన్నా. ఏంది, అలిగినావా?” చెప్పేయాలనే తీసింది. అల్లా సాక్షి, చెప్పేయాలనే తీసింది. తెరవగానే సగం నిండిన గళ్లు కనిపించాయి, తెగిన పోగు ఎక్కడుందో చూడగానే తెలిసిపోయింది, వేలు దానంతటదే పోయి నింపింది. “అద్దీ, మా అక్బరన్న” అని జయతీర్థ రాశాడు. అక్బర్ పేరు పక్కన నిలబడ్డ ఆ ‘మా’ చూసి, అతను పోయిన తర్వాత నజ్మా మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే, రేపు చెబుదాం అనుకుంది. రేపు అనేది ఎప్పుడూ రేపే కదా.

పజిళ్లతో చిక్కు లేదు, అవి ఎప్పుడూ ఆమెవే. బేరాలు చేయడానికి అక్బర్‌లా తప్పులు చేయాల్సి వచ్చింది. మొదట్లో ఆలోచించి చేసేది, అతనైతే ఏది కొంటాడు, ఎక్కడ మోసపోతాడు అని. తర్వాత ఆలోచించడం మానేసింది, అయినా తప్పులు అవే పడేవి. తెలివిగా కొందామని కూర్చున్న రోజున కూడా వేలు పోయి పడిపోయేదాని మీదే ఆగేది, అయ్యో పాపం అని మనసులో ఎవరో అనేవారు. ఒక మధ్యాహ్నం కునుకు పట్టి లేచేసరికి ఫోను చేతిలో ఉంది, ఒక షేరు కొని ఉంది. నిద్రలో కొన్నానేమో అనుకుంది. మనుషులు నిద్రలో లేచి నడుస్తారట, నీళ్లు కూడా తోడతారట. కవరు కడిగి, తుడిచి, ఎండలో పెట్టింది. మర్నాడు మళ్లీ అంచున ఒక పత్తి నూగు. ఆదోనిలో గాలి నిండా పత్తే కదా అని సర్దిచెప్పుకుంది. యార్డుకు పత్తి రావడం ఆగి నెలలైందని గుర్తు చేసుకోకుండా ఉండడానికి తెగ కష్టపడింది.

అన్నిటికంటే మాటలు. ఇంట్లో ఉర్దూ, గుంపులో తెలుగు; నజ్మాకు తెలుగు మాట్లాడ్డం వచ్చినంత రాయడం రాదు. కానీ ఈ ఫోను అక్బర్ చేతిలో ఏళ్లు అరిగిన ఫోను. ఒక అక్షరం నొక్కితే తర్వాతి మాట ఇదేనా అని మూడు మాటలు పైన చూపిస్తుంది, అవన్నీ అతను వాడి వాడి నేర్పినవే. ‘ఏ’ నొక్కితే ‘ఏం స్వామీ’ వస్తుంది. మఠం ఊరివాడని జయతీర్థను అతను అలాగే పిలిచేవాడు. దాన్ని ముట్టుకుంటే ‘భోజనమైందా’. దాన్ని ముట్టుకుంటే ‘మాకు’, ఆ తర్వాత ‘ఈడ’, ఆ తర్వాత ‘ఉక్క’. ఆమె రాయదు. చూపిన మాటను తాకుతూ పోతుంది, మగ్గం మీద పేక దానంతటదే నడిచినట్టు వాక్యం నడుస్తుంది, చివర్న చదువుకుంటే అక్బర్ మాట్లాడి ఉంటాడు. కొన్నాళ్లకు అతన్ని అడగడం మొదలుపెట్టింది. ఎవరికీ పంపకుండా, ఖాళీ గడిలో, ‘నువ్వు’ అని నొక్కి ఆగేది. ‘తిన్నావా’ అని వచ్చేది. తిన్నా అనేది నోటితో, మెల్లగా.

నిన్న జయతీర్థ రాశాడు, లాడ్జీకి దుప్పట్లు కొనేదానికి రేపు ఎమ్మిగనూరు వస్తాండా, ఆడి నుంచి ఆదోని ఎంత దూరమని, ఒకసారి వచ్చి నీ మొగం చూసి పోనా అని. వద్దు అని రాయాలి. ఆమెకు బాగా గుర్తుంది, వద్దు అనే రాయబోయింది. ‘వ’ నొక్కింది. పైన మూడు మాటలు వచ్చాయి, ‘వస్తే’ మధ్యలో ఉంది. వేలు దాని మీద పడింది. ‘మంచిదే’ అని చూపింది, వేలు పడింది. ‘స్వామీ’. ‘నేను’. ‘ఇంట్లోనే’. ‘ఉంటా’. ఒక్కొక్క మాట పడుతుంటే చూస్తూనే ఉంది, మనది కాని చెయ్యి పని చేస్తుంటే చూసినట్టు. మెసేజి అలాగే పోయింది. తుడిపేద్దామనుకునే లోపే జయతీర్థ చదివేశాడు, సంతోషం ఆగక ఇంటి గుర్తులు అడిగాడు. పాత నూనె మిల్లు వెనక సందు అని అక్బర్ ఎప్పుడో చెప్పి ఉన్నాడట, సరేలే గుర్తుంది అని అతనే అన్నాడు.

“ఆరేకల్.” ఒక్క మాటే వచ్చింది ఈసారి. ఇంక ఎంతో దూరం లేదు. ఆ తర్వాత ఫోను మూగపోయింది, బస్టాండులో దిగి ఉంటాడు, ఆటో మాట్లాడుకుంటూ ఉంటాడు, నూనె మిల్లు వాసన పట్టుకుని సందులోకి తిరుగుతూ ఉంటాడు. నజ్మా దుపట్టా తల మీదికి లాక్కుంది. నోరు ఎండిపోయింది. కూజా కోసం లేవబోయింది. ఇంతలోనే వీధిలో చెప్పులు విడిచిన చప్పుడయింది.

“అమ్మా, అక్బరన్న ఇల్లు ఇదేనా?”

“ఇదేనప్పా. నువ్వెవరు?”

“నా పేరు జయతీర్థ. మాది మంత్రాలయం. అన్నకు స్నేహితున్ని. ఉండాడా?”

పూసల చప్పుడు ఆగింది. నజ్మా కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆ మాట వస్తుంది, పోయినాడప్పా అనే మాట, దానితో అన్నీ అయిపోతాయి. అయిపోతే పోనీ అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

“ఉండాడు” అంది వహీదా బీ. “లోపల ఆడుకుంటాండాడు. కూసోప్పా. మీరు ఆచారం మనుషులు, మా ఇంట్లో తాగుతారో లేదో, సోడా తెప్పిస్తా. మూత తీయంది.”

“నీళ్లే ఇయ్యమ్మా. తాగుతా.”

చెంబు చప్పుడు, గ్లాసు చప్పుడు, మామూలు ఇంట్లో మామూలు చుట్టం వచ్చినప్పటి చప్పుళ్లు. నజ్మా ఒళ్లంతా చెవులై వింది. అత్త గొంతులో వణుకు లేదు, ఏడుపు లేదు. మంచం గోడ దగ్గరికి ఎందుకు జరిగిందో, ఫోను చప్పుడు ఆగితే అన్నం ఎందుకు దిగలేదో ఇప్పుడు అర్థమైంది. తనొక్కతే దాచుకుంటున్నాననుకుంది. గోడకు అటువైపు కన్నతల్లి కూర్చుని, కొడుకు లోపల ఆడుతున్న చప్పుడు రోజూ వింటూ బతుకుతోంది. అంతలో వహీదా బీ గొంతు పరదా వైపు తిరిగింది. ఉర్దూలో పిలిచింది, ఎప్పుడూ పిలిచినట్టే, కాస్త విసుగుతో, కాస్త గారాబంతో. “అక్బర్, ఒరే, నీకోసం ఎవరో వచ్చినారు. ఆట ఆపి రా.”

నజ్మా తల తిప్పి గదిలోకి చూసింది. తనకు తెలియకుండానే చూసింది. మూలన కూజా, గూట్లో ఖురాను, కొక్కేనికి అతని చొక్కా, ఇంతకంటే ఏమీ లేదు. కానీ ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో లేచి చెప్పులు వెతుక్కుంటారని గట్టిగా అనిపించింది. భయం వేసింది. భయం కంటే ఎక్కువగా, బయట మొహం ఇటు పెట్టి కూర్చున్న ఆ ముసలిదాని మీద జాలి వేసింది. ఆమె అలాగే చూస్తుంది. ఇప్పుడు ఆపకపోతే చచ్చేదాకా ఈ పరదాను చూస్తూనే ఉంటుంది.

“అన్నా” అంది నజ్మా. కూర్చున్న చోటి నుంచే, పరదా దాటకుండా చెప్పింది. “ఆయన లేడు. పోయి మూడు నెలలు దాటింది. నేను ఆయన ఇంటిదాన్ని, నజ్మా.”

అవతల గ్లాసు నేలకు ఆనిన చప్పుడు వచ్చింది.

“అబద్ధమప్పా” అంది వహీదా బీ మెల్లగా. “నాకు రోజూ వినిపిస్తాది.”

“అది నేనే అమ్మీ. ఆ ఆడేది నేనే. పజిళ్లు మొదటి నుంచీ నేనే విప్పేదాన్ని, ఆయన ఉన్నప్పుడు కూడా.” ఇంతకాలం ఎవరికీ చెప్పని గొప్ప, ఇలాంటి వేళ నోట వచ్చినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే కాస్త ఊపిరి పీల్చుకుంది.

జయతీర్థ ఏడుస్తున్నాడో ఏమో, మాట మొదలుపెట్టి ఆపాడు, మళ్లీ మొదలుపెట్టాడు. “నమ్ముతా అక్కా. ఆడినావు, సరే. నేను తప్పు పట్టేది లేదు. అన్నను నేను కళ్లతో చూసింది కూడా లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. నిన్న నన్ను ఈడికి రమ్మని పిలిచింది ఎవరు?”

పరదాకు అటువైపు ఇద్దరు మనుషులు ఆమె మాట కోసం ఎదురు చూస్తున్నారు. ఒకరికి స్నేహితుడు కావాలి, ఒకరికి కొడుకు కావాలి. నేనే అంటే చాలు, ఇద్దరూ లేచి ఎవరి దారిన వాళ్లు ఏడుస్తారు, అంతా తేలిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇన్ని నెలలకు ఇప్పుడే నిజం చెప్పడం మొదలుపెట్టింది. అంతలోనే ‘నేనే’ అని మళ్లీ అబద్ధమాడడానికి నజ్మాకు మనసొప్పలేదు.